ఎద్దును మేపిందెవరు?

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. దసరా సెలవుల్లో గుడివాడ వైపు నుంచి ఏడో తరగతి చదివే పాప ఒకతె నాకు ఉత్తరం రాసింది. చిన్న ఉత్తరమే గానీ అందులో వాళ్ల ఇల్లంతా ఉంది.

"తాతయ్యా, మేం కారు కొంటున్నాం. చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గిందని నాన్న కొత్త స్విఫ్ట్ అంటున్నాడు. అదే డబ్బుకు 2014 మోడల్ స్కోడా ఆక్టేవియా వస్తుందని మామయ్య అంటున్నాడు. దాని పవర్ 180 అంట, స్విఫ్ట్‌ది 82 అంట. రెట్టింపు కన్నా ఎక్కువ కదా! మరి ఇంకా ఆలోచించడం ఎందుకు? నాన్న, మామయ్య సరిగ్గా మాట్లాడుకోవట్లేదు. అమ్మకి టెన్షన్‌గా ఉంది."

పాపా, నీ లెక్కలో తప్పేం లేదు. ముందు ఆ 180 అంటే ఏమిటో చెబుతాను. మన వైపు ధాన్యం బస్తా 75 కిలోలు ఉంటుంది కదా. అలాంటి బస్తాను ఒక్క సెకనులో ఒక మీటరు ఎత్తుకు లేపగలిగితే, అది ఒక గుర్రం బలం, అంటే ఒక హార్స్‌పవర్. మీ మామయ్య చూపించిన కారు ఇంజిన్ పూర్తి బలంతో పనిచేస్తే ఒక్క సెకనులో 180 బస్తాలు లేపుతుంది. స్విఫ్ట్ 82 లేపుతుంది. మీ వీధిలో రైసుమిల్లు ఉంటే వెళ్లి ఆ బస్తాల వరస ఒకసారి చూడు. మీ మామయ్య కళ్లు ఎందుకు అలా మెరుస్తున్నాయో తెలుస్తుంది.

ఇంకో సంగతి. ఆ ఇంజిన్‌లో పెట్రోలు మండే చోటంతా కలిపినా రెండు లీటర్ల సీసా అంత కూడా ఉండదు. అంత చిన్న చోట నుంచి 180 బస్తాలు! దానిలో టర్బో అని ఒకటుంటుంది. అమ్మమ్మలు కట్టెల పొయ్యి దగ్గర ఊదుగొట్టంతో ఊదేవాళ్లు చూశారా, అలా అది ఇంజిన్‌లోకి గాలిని బలంగా ఊదుతుంది. పొగ గొట్టంలోంచి బయటికి పోయే వేడి గాలితోనే తిరుగుతూ లోపలికి కొత్త గాలి ఊదుతుంది. నేను ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా 31 ఏళ్లు పనిచేశాను. ఎన్ని టర్బోలు విప్పి బిగించినా, అరచేతిలో పట్టే ఆ చిన్న చక్రాన్ని చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. దాన్నిక్కడ పూర్తిగా వివరించలేను. ఎప్పుడైనా ఏ షెడ్డులోనైనా విప్పి పెట్టి ఉంటే మాత్రం తప్పకుండా చూడండి.

ఇక అసలు ప్రశ్న. దానికి జవాబు నేను డిపోలో నేర్చుకోలేదు, పదేళ్ల వయసులో మా నాన్న వెంట సంతకు వెళ్లినప్పుడు నేర్చుకున్నాను.

మాది ఒంగోలు వైపు నల్లరేగడి పల్లె. మాకున్న జతలో ఒక ఎద్దు ముసలిదై చనిపోయింది. ఇంకోదానికి జోడు కావాలి. సంతలో నాన్న దగ్గరున్న డబ్బుకు రెండు దొరికాయి. ఒకటి రెండు పళ్లు వేసిన మామూలు కోడె, ఇంకా కాడి కూడా పెద్దగా ఎరగదు. రెండోది బండలాగుడు పోటీల్లో లాగిన గిత్త. మీరు తిరనాళ్లలో చూసే ఉంటారు, పెద్ద బండరాయి కట్టి ఇచ్చిన సమయంలో ఏ జత ఎక్కువ దూరం లాగితే దానికి బహుమతి. ఆ గిత్త మూపురం నా తల కన్నా ఎత్తుంది. గంగడోలు మోకాళ్ల దాకా వేలాడుతోంది. దాన్ని చూశాక నేను నాన్న చొక్కా వదల్లేదు. నాన్న కూడా దానివైపే చూస్తున్నాడు. తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరం చేశారు. పోటీల్లో వేల రూపాయలు పలికిన గిత్త కోడె ధరకే వస్తోందని నాన్న పొంగిపోయాడు.

అంత తక్కువకు ఎందుకు ఇస్తున్నావని మాత్రం అడగలేదు.

ఇంటికొచ్చిన నాలుగో రోజుకే మా అమ్మకు అర్థమైంది. ఆ గిత్తకు చొప్ప, తవుడు చాలవు. ఉలవలు ఉడకబెట్టాలి, పత్తిగింజలు రుబ్బాలి, తెలగపిండి నానబెట్టాలి. కొన్నది కోడె ధరకు, కానీ తినేది మాత్రం పందెపు ఎద్దు తిండి. మేం ఉలవచారు కాచుకోవడానికి దాచుకున్న ఉలవలన్నీ దాని తొట్టిలోకే పోయాయి.

పిల్లలూ, పాత కారు విషయంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. 2014లో ఆ ఆక్టేవియా ధర పద్దెనిమిది లక్షల దరిదాపు. ఇప్పుడు ఏడు లక్షలకే వస్తోంది. కారు ధర అలా దిగింది గానీ దాని మేత ధర దిగదు. హెడ్‌లైటు పగిలితే ఏడు లక్షల కారు హెడ్‌లైటు రాదు, పద్దెనిమిది లక్షల కారుదే కొనాలి. బ్రేకు ప్లేట్లు, సస్పెన్షన్, టైర్లు, సెన్సర్లు, అన్నీ అంతే. ఇంజిన్ బలాన్ని చక్రాలకు కలిపే, విడదీసే క్లచ్‌లు దాని గేర్‌బాక్సులో రెండు ఉంటాయి. గేర్లు మారడం తెలియనే తెలియదు, అంత సుఖం. కానీ ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకేటప్పుడు నూనెలో మునిగి ఉండని ఆ తరహా పొడి క్లచ్‌లు వేడెక్కి తొందరగా అరుగుతాయి. వాటి రిపేరుకు వచ్చే బిల్లు ఒక కుటుంబం నెల జీతాన్ని మింగేస్తుంది. పెట్రోలు సంగతి కూడా ఉంది. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్ల గొట్టాలు, రబ్బర్లు దానికి తట్టుకునేలా చేశారు. 2014 కారును దాన్ని దృష్టిలో పెట్టుకుని చేయలేదు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే కాబట్టి 2029లో దాన్ని మళ్లీ పరీక్షకు తీసుకెళ్లి రెన్యువల్ చేయించుకోవాలి. కొత్త కారుకు ఈ చింతలన్నీ చాలా దూరం.

మళ్లీ మా గిత్త దగ్గరికి వస్తాను. దున్నకానికి కట్టిన మొదటి రోజు కాడికి ఒక పక్క ఇది, రెండో పక్క మా పాత ఎద్దు. ఇది విసురుగా ముందుకు పోతుంది, అది వెనకబడుతుంది. నాగలి చాలు వంకర పోయింది. సాయంత్రానికి పాత ఎద్దు నోటి వెంట నురుగు. బలం ఒక పక్కే ఉంటే అది బలం కాదని నాన్న అన్నాడు. కారులోనూ ఇంతే. 180 బస్తాల ఇంజిన్‌కు జోడుగా బ్రేకులు, టైర్లు కూడా అంత గట్టివి ఉండాలి. కొత్తగా ఉన్నప్పుడు కంపెనీ అలాగే ఇస్తుంది. రెండో యజమానో మూడో యజమానో ఖర్చు చూసి చవక టైర్లు వేస్తాడు, అరిగిన బ్రేకు ప్లేట్లతో ఇంకో ఆరు నెలలు నెట్టుకొస్తాడు. అప్పుడు అది ఒంటెద్దు బండే. బలహీనమైన కారులో అరిగిన బ్రేకు ప్రమాదం. బలమైన కారులో అయితే ప్రాణాలకే ముప్పు.

అయితే ఆ బలం దండగ అని మీరు అనుకోకూడదు. ఆ ఏడు వానాకాలంలో ఒక రాత్రి మా చెల్లికి జ్వరం ఎక్కువై బండి కట్టుకుని టౌనుకు బయల్దేరాం. వాగు దగ్గర రేగడి బురదలో చక్రాలు ఇరుసు దాకా దిగిపోయాయి. పాత ఎద్దు మోకాళ్ల మీద కూలబడింది. నాన్న దాన్ని కాడి నుంచి విప్పేసి, తనే ఆ పక్క కాడి భుజానికెత్తుకుని, గిత్తను పేరు పెట్టి ఒక్క కేక పెట్టాడు. అది తల వంచింది. దాని వీపు మీద కండరాలు లాంతరు వెలుగులో పాముల్లా కదలడం నేను చూశాను. బండి లేచింది. మా చెల్లికి ఇప్పుడు మనవలున్నారు.

కాబట్టి మీ మామయ్యను చిన్నచూపు చూడకు, పాపా. రెండు వరసల రోడ్డు మీద లారీని దాటాలంటే ఎదుటివాళ్ల దారిలోకి వెళ్లాలి. ఆ దారిలో ఎంత తక్కువ సేపు ఉంటే అంత క్షేమం. బలమైన ఇంజిన్ ఆ కొన్ని సెకన్లు మిగులుస్తుంది. పైగా ఆ కారు బరువుగా, రోడ్డును పట్టుకుని పోతుంది. అది నిజమైన గుణం, ఒట్టి షోకు కాదు. కానీ అలాంటి వాగు ఏడాదికి ఎన్నిసార్లు దాటుతాం? చదునైన రోడ్డు మీద అరవైలో సాఫీగా పోయే కారుకు పదిహేను బస్తాల బలం కూడా అక్కర్లేదు. నాలుగు వరసల హైవే మీద కార్లకు కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం 100. స్విఫ్ట్ దాన్ని సునాయాసంగా అందుకుంటుంది.

మరి గిత్త ఏమైందంటారా? దాని పక్కటెముకలు బయటపడటం చూసి మా ఊరి పెద్దాయన ఒకాయన వచ్చి నోరు తెరిచి పళ్లు చూశాడు. అమ్మినవాడు చెప్పిన వయసు కన్నా అది చాలా పెద్దది. పళ్లు రాయితో అరగదీశారు. మెడ మీద పసుపు, నూనె రాసిన చోట చెయ్యి పెట్టి నొక్కితే గిత్త ఎగిరి పడింది. కింద పాత పుండు. పోటీలైపోయాక దాన్ని ఎవరో ఇటుకల బండికి కట్టి గొడ్డుచాకిరీ చేయించారు. ఆ పెద్దాయన నాన్నతో అన్న మాట నాకింకా వినబడుతూనే ఉంది: "ఎద్దును చూశావు గానీ, దాన్ని మేపిందెవరో కనుక్కోలేదురా."

నాన్న ఏడాది తిరక్కుండా దాన్ని బండలాగుడు ఎడ్లు పెంచే ఒక రైతుకు ఇచ్చేశాడు. నష్టానికే. కానీ వాళ్ల కొట్టంలో అది మళ్లీ నిగనిగలాడటం చూసి తృప్తిగా తిరిగొచ్చాడు. తర్వాత కొన్న మామూలు కోడె మా ఇంట్లో పద్నాలుగేళ్లు పనిచేసింది.

అందుకని పాపా, మీ నాన్న, మామయ్య వాదించుకోవడం ఆపి, ఆ పాత కారును నిన్ను కూడా వెంటబెట్టుకుని చూడ్డానికి వెళ్లమను. పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లాలి. ముందే వేడి చేసి పెట్టిన ఇంజిన్ తన జబ్బు బయటపెట్టదు. సర్వీసు కాగితాలు మొదటి ఏడాది నుంచీ అడగాలి. మధ్యలో రెండు మూడేళ్ల కాగితాలు లేకపోతే, ఆ ఏళ్లలో మేత ఎవరు పెట్టారో తెలియదని అర్థం. మీటరు 50 వేల కిలోమీటర్లు చూపిస్తున్నా బ్రేకు పెడల్ మీద రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే, అది పళ్లు అరగదీసిన ఎద్దే. సీటు బెల్టును చివరి దాకా లాగి చూడాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి, ఎన్నో కార్లు మునిగాయి. మునిగిన కారును ఎంత కడిగినా చాలాసార్లు బెల్టు చివర మట్టి చార మిగిలిపోతుంది. డిక్కీలో స్టెప్నీ తీసి కింద చూస్తే తుప్పు కూడా కనబడొచ్చు. చలాన్లు, బ్యాంకు అప్పు సంగతి నాన్నకు వదిలేయి. ఈ బెల్టు పని మాత్రం నీది. నీ చేతులు చిన్నవి, బాగా దూరతాయి.

అన్నీ బాగున్నా సరే, నా ఓటు మీ నాన్నకే. మీ ఇంట్లో జీతం ఒకటే అని రాశావు. అమ్మ కూడా డ్రైవింగ్ నేర్చుకోబోతోందన్నావు. నేర్చుకునేవాళ్ల చేతికి 180 బస్తాలు అప్పజెప్పకూడదు. కొత్త స్విఫ్ట్‌లో ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని మోడళ్లలోనూ ఇస్తున్నారు. వారంటీ ఉంటుంది, ఏ ఊళ్లో ఆగిపోయినా బాగుచేసేవాడు దొరుకుతాడు. మామయ్యకు ఆ కారంటే అంత ప్రేమ ఉంటే, ఉద్యోగం ఉంది, పెళ్లి కాలేదు, ఆదివారాలు షెడ్డులో కూర్చునే ఓపిక ఉంది, ఆయననే కొనుక్కోమను. అలాంటి కారుకు అలాంటి మనిషే కావాలి. అప్పుడు మీ ఇంటి ముందు రెండూ ఉంటాయి.

చివరగా ఒక పని. ఇది పాపకే కాదు, మీ అందరికీ. ఇప్పుడే లేచి మీ ఇంట్లోని బండి దగ్గరికి వెళ్లండి. స్కూటరైనా, కారైనా, పక్కింటివాళ్ల ఆటో అయినా సరే. టైరు పక్క గోడ మీద చిన్న కోడిగుడ్డు ఆకారం గీతలో నాలుగు అంకెలుంటాయి. తడి గుడ్డతో తుడిస్తే కనిపిస్తాయి. ఒక పక్క లేకపోతే రెండో పక్క వెతకండి. 2319 అని ఉంటే, ఆ టైరు 2019లో 23వ వారంలో పుట్టిందని అర్థం. ఎద్దు వయసు దాని పన్ను చెప్పినట్టు, టైరు వయసు ఈ అంకెలు చెబుతాయి. వీటిని ఎవరూ అంత సులభంగా అరగదీయలేరు. మీకు కనిపించిన నాలుగు అంకెలు, అది ఏ బండో ఒక కార్డు మీద రాసి పంపండి. అన్నిటికంటే పెద్ద వయసు టైరు ఎవరింట్లో దొరికిందో వచ్చే ఉత్తరంలో చెబుతాను.

ఇట్లు,
మీ తాతయ్య