తలకోన మడుగు: అపోహలు – వాస్తవాలు

మొన్న ఆదివారం కూడా అదే మాట. "ఆకాశంలో ఒక్క మబ్బు లేదు, పిల్లోళ్లను నీళ్లలోంచి ఎందుకు లేపుతావు నాయనా?" అని తిరుపతి నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా మీద కోప్పడ్డాడు. పదకొండేళ్లుగా ఈ తలకోన జలపాతం దగ్గర గైడుగా తిరుగుతున్నా. ఈ ప్రశ్న వినని వారం లేదు. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: ఇక్కడ వాన లేకపోతే మడుగులో భయం లేదు.

వాస్తవం: మడుగులోకి దిగే నీళ్లు ఇక్కడ కురిసినవి కావు. జలపాతం ధార 270 అడుగుల పైనుంచి ఈ మడుగులో పడుతుంది. ఆ పైన శేషాచలం కొండల్లో ఎన్నో వంకలు. అక్కడ బండ ఎక్కువ, మట్టి పలచన. పడిన వాన ఇంకే చోటు లేక జారి, వంకలన్నీ కలిసి ఒక్కసారిగా కిందికి దిగుతాయి. పైన కుండపోత కురుస్తుంటే కింద మనకు ఎండ కాస్తుండొచ్చు. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కార్తీక వనభోజనాలు సరిగ్గా ఆ రోజుల్లోనే. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో వరద పారింది గుర్తుందా? అదీ కార్తీకమే.

ఒక కార్తీక సోమవారం మడుగు అద్దంలా ఉంది. అంతవరకు ఒక్క ఆకు లేని నీళ్ల మీద ఎండుటాకులు, పుల్లలు వరసగా రావడం మొదలైంది. చూస్తుండగానే నీళ్లు ఎర్రమట్టి రంగుకు తిరిగాయి. విజిల్ వేశాను. అందరూ లేచారు. ఒక అబ్బాయి మాత్రం బండ మీద పెట్టిన సెల్‌ఫోన్ కోసం వెనక్కి పోయాడు. తిరిగొచ్చేలోపు మోకాటి లోతు నీళ్లు నడుము దాటాయి. రెండు చీరలు, ఒక పంచె ముడేసి విసిరితే పట్టుకుని గట్టెక్కాడు. వాళ్లమ్మ వాడి తల తుడుస్తూ "నీ చెప్పులేవిరా, నీ చెప్పులేవిరా" అని అదే అడుగుతా ఉండింది. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆకులు కనబడినా, నీళ్ల రంగు మారినా, హోరు పెరిగినా ఆ క్షణమే గట్టుకు రండి. సామాన్లు పోతే పోనీండి.

"మాకు ఈత వచ్చు" అంటారు. బావిలో నేర్చిన ఈత ఇక్కడ చాలదు సామీ. ధార పడేచోట నీళ్లు గాలి బుడగలతో నురగ కట్టి ఉంటాయి, మనిషిని తేల్చే బలం వాటికి తక్కువ. అడుగున బండల సందుల్లో కాలు ఇరుక్కుంటుంది. ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకొద్దు, అలా దూకి ఇద్దరూ పోయిన ఇళ్లున్నాయి. భోజనాలకు తెచ్చే 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఉంటుంది కదా, ఖాళీ చేసి మూత బిగించి విసరండి. దాన్ని పట్టుకుని తేలగలరు.

మిగతావి తొందరగా చెప్పేస్తా. ఎర్రచందనం ఘుమఘుమలాడుతుందని చెట్టు గీకి వాసన చూస్తారు. దానికి గంధం వాసన ఉండదు, అది వేరే చెట్టు. పుల్ల కూడా తీసుకోవద్దు, కేసవుతుంది. కోతులకు బిస్కెట్లు వేస్తే పుణ్యం కాదు, తరువాత వచ్చే పిల్లల చేతుల్లోంచి లాక్కోవడం మనమే నేర్పినట్లు.

చిరుత గురించి అడిగే తల్లులను నేను ఎప్పుడూ కసరను. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిన్నపాప పోయింది, భయం ఉండదా మరి? అయితే వాట్సాప్‌లో తిరిగే ప్రతి వీడియో ఇక్కడిది కాదమ్మా. పిల్లలను మధ్యలో నడిపించండి, ముందుకు పరుగెత్తనీయొద్దు, చీకటి పడేలోపు అడవి దాటండి.

ఎండాకాలం వస్తే ఏముంటుందంటారా? ధార సన్నబడుతుంది, నిజమే. చెట్లు ఆకు రాల్చి ఉంటాయి కాబట్టి పిట్టలు బాగా కనిపిస్తాయి. బండల సందుల్లో బంగారు బల్లి కూతా వినొచ్చు. పసిపిల్లలున్న ఇంటివాళ్లకు నేను చెప్పేది ఫిబ్రవరి, మార్చి నెలలే. పొద్దున్నే ఏడింటికి బయలుదేరి భాకరాపేట ఘాటు మీదుగా రండి. దిగేముందు మాత్రం గేటు దగ్గర ఒక్క మాట అడగండి: "రాత్రి కొండ మీద వాన పడిందా అన్నా?"