ప్యాకేజీలో దారి తప్పే ఫైళ్లు

పైథాన్‌లో రాసిన డెస్క్‌టాప్ అప్లికేషన్ డెవలపర్ కంప్యూటర్‌లో చక్కగా నడుస్తుంది. దాన్నే, పైథాన్ ప్రోగ్రామ్‌ను ప్యాకేజీగా కట్టే పైఇన్‌స్టాలర్‌ అనే సాధనంతో ఎక్స్‌ఈగా (నేరుగా తెరిచి నడిపే ఫైల్‌గా) మార్చి మరొకరికి ఇస్తే ఐకాన్లు కనిపించవు, ఫలానా ఫైల్ లేదన్న ఎర్రర్ ఎదురవుతుంది. ఫైల్ అసలు ప్యాకేజీలో చేరకపోతే యాడ్-డేటా ఆప్షన్‌తో సరిచేయవచ్చు. ఫైల్ చేరినా ప్రోగ్రామ్ దాన్ని మరోచోట వెతుకుతుంటే మాత్రం ఆ చిక్కుకు మూలం చాలా వెనక ఉంది.

రిలేటివ్ పాత్‌ను, అంటే పూర్తి చిరునామా కాకుండా ఒక చోటు నుంచి చెప్పే దారిని, ఆపరేటింగ్ సిస్టమ్ ప్రోగ్రామ్ ఉన్న చోటు నుంచి కాక, ప్రోగ్రామ్ ప్రస్తుతం పని చేస్తున్న ఫోల్డర్ అయిన కరెంట్ డైరెక్టరీ నుంచి లెక్కిస్తుంది. యూనిక్స్ కమాండ్ లైన్‌కు అది తగిన ఏర్పాటే; యూజర్ ఏ ఫోల్డర్‌లో ఉండి ఆదేశం ఇస్తే అక్కడి ఫైళ్ల మీదే పని జరగాలి. ప్రోగ్రామ్ సొంత ఫైళ్లు స్థిరమైన సిస్టమ్ ఫోల్డర్లలో ఉండేవి, ఆ చిరునామా తరచుగా కంపైల్ చేసేటప్పుడే అందులో చేరిపోయేది. డబుల్ క్లిక్ వచ్చాక ఈ లెక్క తప్పింది. విండోస్‌లో షార్ట్‌కట్‌లోని ‘స్టార్ట్ ఇన్’ గడిని బట్టి కరెంట్ డైరెక్టరీ మారుతుంది; మ్యాక్‌లో ఫైండర్ నుంచి తెరిస్తే అది రూట్, అంటే అన్నిటికన్నా పై ఫోల్డర్, అవుతుంది. నెక్స్ట్‌స్టెప్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి మ్యాక్‌కు వచ్చిన బండిల్ పద్ధతి దీన్ని ముందే పరిష్కరించింది: అప్లికేషన్ అంటేనే ఒక ఫోల్డర్, అందులో రిసోర్సులకు నిర్ణీత స్థానం, దాని చిరునామా చెప్పే బాధ్యత సిస్టమ్‌ది.

పైథాన్‌కు అటువంటి ఆసరా లేదు. గోర్డన్ మెక్‌మిలన్ రూపొందించిన ఇన్‌స్టాలర్‌కు వారసురాలిగా 2005లో పైఇన్‌స్టాలర్ మొదలైంది. ఆయన సంస్థ మెక్‌మిలన్ ఎంటర్‌ప్రైజెస్ ఇన్‌కార్పొరేటెడ్ పొడి అక్షరాలు ‘ఎంఈఐ’ నేటికీ దాని తాత్కాలిక ఫోల్డర్ల పేర్లలో కనిపిస్తాయి. అన్నీ ఒకే ఎక్స్‌ఈలో ఇమిడే వన్-ఫైల్ పద్ధతిలో దాన్ని తెరిచిన ప్రతిసారీ లోపలి ఫైళ్లన్నీ అటువంటి ఫోల్డర్‌లోకి విప్పబడి, ప్రోగ్రామ్ ముగియగానే చెరిగిపోతాయి. అంటే కరెంట్ డైరెక్టరీ, ఎక్స్‌ఈ ఉన్న చోటు, ఫైళ్లు విప్పిన చోటు మూడూ వేర్వేరు కావచ్చు. మూడోదాని చిరునామా సిస్ మాడ్యూల్‌లోని ఎంఈఐపాస్ అనే విలువలో ఉంటుంది.

దీని ఆధారంగా రాసిన ‘రిసోర్స్ పాత్’ అనే చిన్న ఫంక్షన్ లెక్కలేనన్ని ప్రాజెక్టుల్లోకి కాపీ అయింది. ఎంఈఐపాస్ ఉంటే దాన్ని తీసుకుంటుంది, లేకపోతే చుక్క గుర్తుతో కరెంట్ డైరెక్టరీకే వెళుతుంది. విడ్డూరమేమిటంటే తప్పించుకోవాల్సిన పాత పొరపాటే ఆ రెండో కొమ్మలో దాగి ఉంది. ప్యాకేజీ చేయని కోడ్‌ను వేరే ఫోల్డర్ నుంచి నడిపితే అది మళ్లీ బయటపడుతుంది. అక్కడ చుక్కకు బదులు సోర్స్ ఫైల్ ఉన్న ఫోల్డర్‌ను ఆధారంగా తీసుకోవాలి. సోర్స్ ఫైల్ చిరునామాను పైథాన్‌లో __file__ అనే విలువ చెబుతుంది; పైఇన్‌స్టాలర్ కూడా దాన్ని విప్పిన చోటికి తగినట్టే అమరుస్తుంది కనుక, చాలా సందర్భాల్లో ఎంఈఐపాస్ ప్రస్తావనే అక్కర్లేదు.

ఎక్స్‌ఈ పక్కనే ఫైళ్లు ఉంటాయని నమ్మినవారికి 2023లో వచ్చిన 6.0 వెర్షన్ చిక్కు తెచ్చింది. ఎక్స్‌ఈని, దానికి కావలసిన ఫైళ్లను ఒక ఫోల్డర్‌గా ఇచ్చే వన్-ఫోల్డర్ పద్ధతిలో ఎక్స్‌ఈ తప్ప మిగిలినవన్నీ ‘ఇంటర్నల్’ అనే ఉపఫోల్డర్‌లోకి మారాయి. మరోవైపు 2018లో పైథాన్ 3.7తో వచ్చిన ఇంపోర్ట్‌లిబ్ రిసోర్సెస్ అనే మాడ్యూల్, పాత్ అడగకుండా పైథాన్ కోడ్ ప్యాకేజీ పేరుతోనే ఫైల్‌ను చదివే వీలు కల్పించింది.

చదవడానికి సరిపోయిన చిరునామా రాయడానికి పనికిరాదు. వన్-ఫైల్ ప్రోగ్రామ్ తన సెట్టింగులను విప్పిన ఫోల్డర్‌లోనే దాచుకుంటే మూసేసరికి అవీ పోతాయి. అందుకే వాటిని విండోస్‌లో యాప్‌డేటా, మ్యాక్‌లో అప్లికేషన్ సపోర్ట్ అనే ఫోల్డర్లలో ఉంచుతారు.