తిమింగలాల ఒంట్లో లోహాలు: అపోహలు - వాస్తవాలు

ఒడ్డుకు కొట్టుకొచ్చి చనిపోయిన డాల్ఫిన్లు, తిమింగలాల కాలేయం, కిడ్నీ నమూనాల్లో భారలోహాలు కొలవడం నా పని. అంకెలు చూడగానే అందరూ "అక్కడి నీళ్లు అంత పాడయ్యాయా?" అనే అడుగుతారు. నేను ముందు దాని పొట్టలో ఏముందో అడుగుతాను.

అపోహ: లోహాలు నీళ్లలోంచే నేరుగా ఒంట్లోకి చేరతాయి.
వాస్తవం: వీటికి మొప్పల్లేవు, ఊపిరితిత్తులతో గాలి పీలుస్తాయి. కావలసిన నీరు కూడా చాలావరకు తిండిలోంచే దొరుకుతుంది. లోహాలు వచ్చే ప్రధాన దారీ అదే.

అపోహ: జంతువు ఎంత పెద్దదైతే పాదరసం అంత ఎక్కువ.
వాస్తవం: అన్నిటికన్నా పెద్దదైన నీలి తిమింగలం తినేది రొయ్యల్లాంటి చిన్న జీవులైన క్రిల్‌ని. ఆహార గొలుసులో అది కింది మెట్టు కాబట్టి పాదరసం తక్కువే. చేపల్ని తినే చేపల్ని వేటాడే డాల్ఫిన్‌లో ఎక్కువ. పాదరసానికి ఒక రూపమైన మిథైల్ మెర్క్యురీ మెట్టుమెట్టుకూ పెరుగుతుంది.

అపోహ: పాదరసం ఎక్కువుంటే కాడ్మియమూ ఎక్కువే ఉంటుంది.
వాస్తవం: నన్ను ఈ పనిలో కట్టిపడేసింది ఈ తేడాయే. కాడ్మియం పాదరసంలా గొలుసు పొడవునా పెరుగుతూ పోదు. కానీ స్క్విడ్ (ఆక్టోపస్ లాంటి సముద్రజీవి) దాన్ని తన జీర్ణగ్రంథిలో బాగా దాచుకుంటుంది. పైలట్ తిమింగలం, రిస్సో డాల్ఫిన్ ఎక్కువగా స్క్విడ్ మీదే బతుకుతాయి, అదీ లోపలి భాగాలతో సహా మింగుతాయి. ఆ కాడ్మియం వాటి కిడ్నీల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మెత్తటి భాగాలు అరిగిపోయినా స్క్విడ్‌కుండే చిలక ముక్కులాంటి గట్టి ముక్కులు పొట్టలో మిగులుతాయి. నేను వెతికేది వాటినే. కాడ్మియం ఎక్కువున్నంత మాత్రాన దగ్గర్లో ఫ్యాక్టరీలున్నాయని కాదు: పరిశ్రమలకు దూరంగా ఉన్న వాయవ్య గ్రీన్‌లాండ్‌లోనూ రింగ్డ్ సీళ్ల (ఒక రకం సముద్ర క్షీరదాల) కిడ్నీల్లో కాడ్మియం ఎక్కువే.

అపోహ: లోహాలన్నీ కొవ్వులో చేరతాయి.
వాస్తవం: కొవ్వులో చేరేవి పీసీబీలు (పరిశ్రమల రసాయనాలు), డీడీటీ (పురుగుమందు) లాంటివి. మిథైల్ మెర్క్యురీ ప్రోటీన్లకు అంటుకుంటుంది, కండలోనూ కాలేయంలోనూ ఉంటుంది. కొవ్వు ఒక్కటే పరీక్షించి "పాదరసం లేదు" అని రాయకూడదు.

అపోహ: కాలేయంలో అంత పాదరసం ఉందంటే చావుకి కారణం అదే.
వాస్తవం: తొందరపడి అలా తేల్చలేం. తిండితోనే వచ్చే సెలీనియం అనే మూలకం తోడై, కాలేయంలో పాదరసం మెర్క్యురీ సెలెనైడ్ అనే కరగని రేణువులుగా మారుతుంది. అది వయసుతో పేరుకుంటూనే ఉంటుంది, హాని మాత్రం బాగా తక్కువ. అందుకే మొత్తం పాదరసంతో పాటు మిథైల్ రూపం ఎంతో, సెలీనియం ఎంతో కూడా చూడాలి. నాకు ఎక్కువ బెంగ కడుపులోని పిల్ల గురించే. మిథైల్ మెర్క్యురీ మావిని దాటి దాన్ని చేరుతుంది. కాడ్మియం చాలావరకు మావి దగ్గరే ఆగుతుంది. పిల్ల తల్లిపాలు మాని సొంతంగా తినడం మొదలుపెట్టాకే కాడ్మియం కిడ్నీల్లో పేరుకోవడం మొదలవుతుంది.