కవరు విప్పని చీర కొత్తగానే ఉంటుందా? పట్టుచీరల నిల్వపై అపోహలు - వాస్తవాలు

"కవరు కూడా విప్పలేదన్నా, కొన్నది కొన్నట్టే ఉంచాం. ఎలా పాడైంది?" కర్నూలులో చీరల పాలిషింగ్, రఫూ పని చేసే నాకు పెళ్లిళ్ల కాలం రాగానే మొదలయ్యే ప్రశ్న ఇది. విప్పలేదు కాబట్టే పాడైంది. ఇంట్లో యాభై, వంద చీరలు, జాకెట్టు ముక్కలు, తానులు దాచుకున్నవారు కింది మొదటి అపోహ ఒక్కటి వదులుకున్నా చాలు, మిగతావి చదవకపోయినా పెద్ద నష్టం లేదు.

అపోహ: ప్లాస్టిక్ కవరులో మూసి ఉంచితే పట్టు భద్రం.

కవరు దుమ్మును ఆపుతుంది, అంతవరకు నిజమే. లోపల చిక్కిన చెమ్మను కూడా అలాగే ఆపుతుంది. ఇస్త్రీ వేడి చల్లారకముందే చీర మడిచి జిప్పు వేసేస్తారు. పెళ్లిలో కట్టుకున్న చీర చెమట ఆరకుండానే లోపలికి పోతుంది. ఇక బూజు పట్టక, జరీ నల్లబడక ఏమవుతుంది? దానికి తోడు ఘాటు వాసన వచ్చే ఆ మెత్తటి పీవీసీ కవర్లు పాతబడేకొద్దీ ఆమ్లపు ఆవిరి వదులుతాయి, జిగురుపట్టి బట్టకు అంటుకుంటాయి.

"మనది ఎండల ఊరు, చెమ్మ ఎక్కడిది?" అని ఎదురడుగుతారు. వేసవిలో తలుపులు మూసి నీళ్ల కూలరు నడిపేది ఏ గదిలో? బీరువా ఉన్న గదిలోనే. చాలా ఇళ్లలో ఆ బీరువా ఆనించిన గోడకు అవతల స్నానాలగది. ఊరు ఎంత ఎండితే మాత్రం ఏం లాభం?

చెమ్మ ఒక ఎత్తు, మడత ఒక ఎత్తు. ఏళ్ల తరబడి ఒకే మడతలో, పది చీరల బరువు కింద నలిగిన పట్టు ఆ గీత వెంబడే చివికిపోతుంది. జరీ తీగ మడత దగ్గర వంగి పక్కనున్న పట్టుపోగును కోస్తుంది. ఈ మధ్య ఒకావిడ తన పెళ్లినాటి ధర్మవరం చీర తెచ్చారు. బల్ల మీద పరిచి, కొంగు ఎత్తి వెలుతురుకు పట్టి చూస్తే మడత మడతకూ సన్నటి చీలిక, నిచ్చెన మెట్లలా. ఎత్తిన బరువుకే ఒక చోట పర్రున చినిగింది. రఫూ చేయాలంటే సూదిని ఓర్చుకునే సత్తువ పోగుకు ఉండాలి కదా! వెనుక సన్నటి గుడ్డ వేసి నిలబెట్టాను, కట్టుకోవడానికి మాత్రం పనికిరాదు. ఆవిడ తప్పు చేసినట్టు తల వంచుకున్నారు. అమ్మా, అజాగ్రత్త వల్ల కాదు, జాగ్రత్త ఎక్కువై జరిగిందిది. అమ్మిన కొట్టువాళ్లే కవరు తీయొద్దని చెప్పి పంపితే మీరేం చేస్తారు?

ఉతికి గంజి పూర్తిగా పోగొట్టిన పాత నూలు చీర ముక్కలోనో, కోరా గుడ్డలోనో చుట్టండి. మూడు నాలుగు నెలలకోసారి విప్పి, నీడలో గాలి తగలనిచ్చి, మడత మార్చి పెట్టండి. జరీ బాగా ఉన్నవాటిని గొట్టానికి చుడితే మరీ మంచిది. అట్టగొట్టమైతే దాని మీద ముందు నూలు గుడ్డ వేయాలి. బరువైనవి కింద, తేలికవి మీద. రబ్బరు బ్యాండ్లు వద్దు, వాటిలోని గంధకానికి జరీ నల్లబడుతుంది.

అన్నింటికంటే కింది అరలో విలువైనవి పెట్టకండి. 2009 అక్టోబరులో తుంగభద్ర ఊళ్లోకి వచ్చాక పాతబస్తీ ఇళ్ల నుంచి తడి మూటలు రోజుల తరబడి నా దగ్గరికి వచ్చాయి. కవర్లలోకి పోయిన నీళ్లు బయటికి రాలేదు. ఎర్రంచు రంగు చీరంతా పాకి, లోపలే మురిగిపోయింది. గుడ్డలో చుట్టినవీ తడిశాయి, కానీ తొందరగా ఆరాయి. వాటిలో కొన్నింటినైనా దక్కించగలిగాం.

అపోహ: కలరా ఉండలు వేస్తే పురుగు రాదు.

పట్టునూ ఉన్నినీ తినేది రెక్కల చిమ్మట కాదు, దాని పిల్లపురుగు. గాలి చొరని పెట్టెలో ఉండల ఆవిరి దట్టంగా నిండితేనే అది చస్తుంది. తలుపు సందులున్న బీరువాలో మీకు మిగిలేది వాసనే. అందులోనూ ఉండను నేరుగా మడతల మధ్య వేస్తారు! వేయక తప్పదంటే గుడ్డమూటలో కట్టి పై అరలో పెట్టండి, ఆ ఆవిరి గాలికంటే బరువు కాబట్టి కిందికి దిగుతుంది. స్నానాలగదిలో వేసే ఉండల్లో చాలావరకు వేరే రసాయనం ఉంటుంది. రెండూ కలిస్తే కరిగి మరక పడుతుంది.

పాత చీరలు చించి పొత్తిగుడ్డలు చేసే ఇళ్లకు ఒక మాట. జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న పసిబిడ్డకు కలరా ఉండల్లోని నాఫ్తలీన్ తగిలితే ఎర్ర రక్తకణాలు చిట్లిపోయి కామెర్లు ముదురుతాయి. లోపం ఉందో లేదో పుట్టగానే అందరికీ తెలియదు. ఉండల మధ్య దాచిన గుడ్డను పసిబిడ్డకు వాడకండి. పెద్దవాళ్లు ఏమన్నా సరే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. వేపాకు పచ్చిగా పెడితే మరక పడుతుంది, ఎండబెట్టి పెట్టినా బట్టలో ఉన్న పురుగును చంపదు. గంజి పెట్టి దాచిన నూలు బట్ట పుస్తకాల్లో పాకే వెండిరంగు పురుగుకు విందు. ఎండ దుప్పట్లకు మంచిదే, పట్టుకు మాత్రం రంగూ పోతుంది, బలమూ పోతుంది. న్యూస్‌పేపరు పరిస్తే సిరా అంటుతుంది.

ఇక నల్లబడ్డ జరీకి టూత్‌పేస్టు, నిమ్మరసం, వంటసోడా. ఈ వైద్యం ఎవరు కనిపెట్టారో గానీ నాకు దొరికితే బాగుండును. అసలు జరీ అంటే పట్టుదారానికి వెండితీగ చుట్టి, పైన బంగారు పూత పూసింది. రుద్దితే నలుపుకంటే ముందు ఆ పలుచని పూత లేచిపోతుంది. నకిలీ జరీ అయితే లోపలి రాగి బయటపడుతుంది. నల్లబడితే అలాగే ఉంచి తీసుకురండి. పేస్టు నేత సందుల్లో గట్టిపడ్డాక సూదిమొనతో ఒక్కో రేణువూ గీకి తీయాలి. దానికి కూలి చెబితే కోపం మళ్లీ నా మీదే.