మధ్య బంతి ఎవరిది?

పర్లాకిమిడి

చిట్టీ, పండూ,

మొన్న ఫోనులో చిట్టి ఏడుస్తూ అడిగిన మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "టెన్నిస్‌లో నన్ను సింగిల్స్‌లోంచి తీసేసి డబుల్స్‌లోనే వేశారు తాతా. డబుల్స్ అంటే మిగిలిపోయినవాళ్ళకేనా?" అన్నావు. వెంటనే నాకు జవాబు తోచలేదు. మీ నాన్న ఫోను అందుకుని "రెండ్రోజుల్లో అదే మర్చిపోతుందిలే చిన్నాన్నా" అన్నాడు. నువ్వు మర్చిపోయావేమో గాని, నేను మర్చిపోలేదు.

మీ బడి ఒడియా బడి కాబట్టి మీకు తెలుగు చదవడం నిదానమని తెలుసు. అందుకే లావుపాటి అక్షరాలతో, మాట్లాడినట్టే రాస్తున్నాను. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని గ్రాంథికం రాస్తే బాగుండదు కదా! అర్థం కానిచోట మీ అమ్మని అడగండి.

నిన్న సాయంత్రం డాబా మీద ముగ్గుపిండితో టెన్నిస్ కోర్టు గీశాను. అసలు కోర్టు పొడవు 78 అడుగులు. అంత డాబా మనకెక్కడిది? అడుక్కి రెండంగుళాల లెక్కన గీశాను. మీ మామ్మ మెట్లెక్కి వచ్చి చూసి, "ఏమిటీ, ఈయనగారికి ధనుర్మాసం ఇప్పుడే వచ్చేసిందా?" అని నవ్వింది.

ఆ గీతల్లోనే ఉంది అసలు సంగతి. సింగిల్స్‌కి కోర్టు వెడల్పు 27 అడుగులు. డబుల్స్‌కి రెండు పక్కలా నాలుగున్నర అడుగుల పట్టీలు కలుస్తాయి, మొత్తం 36. అంటే చోటు మూడో వంతే పెరిగింది, మనుషులు మాత్రం రెట్టింపయ్యారు. సింగిల్స్‌లో అవతలి మనిషి లేనివైపు చూసి కొడితే సగం పని అయిపోతుంది. ఇక్కడ ఎటు చూసినా ఎవరో ఒకరు నిలబడే ఉంటారు. అందుకని బంతిని వాళ్ళ పాదాల దగ్గరికి వెయ్యాలి, తలమీంచి లేపాలి, లేదంటే ఇద్దరి మధ్యకి పంపాలి. నెట్ కూడా చివర్లలో మూడున్నర అడుగులుంటే నడిమధ్య మూడే అడుగులు. కొట్టడానికి అక్కడే సులువు. అక్కడికి వచ్చిన బంతిని తియ్యడమే కష్టం, ఎందుకంటే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నువ్వు తీస్తావనుకున్నానని ఒకరు, నువ్వే తీస్తావనుకున్నానని ఇంకొకరు. ఈలోగా బంతి వెళ్ళి గోడకి కొట్టుకుంటుంది.

నా విషయంలో దీనికి తలకిందులుగా జరిగింది. ఉద్యోగం కొత్తలో మా ఆఫీసు వాళ్ళం ఓ క్లబ్బు కోర్టులో సాయంత్రాలు ఆడేవాళ్ళం. చెక్క రాకెట్లు. వంకర పోకుండా రాత్రిపూట నాలుగు మరల చట్రంలో బిగించేవాళ్ళం. నా జోడీ ఓ నెమ్మదైన మనిషి. నేనేమో కనబడ్డ బంతల్లా నాదేనని పరిగెత్తేవాణ్ణి. ఓరోజు మధ్యలోకి వచ్చిన బంతికి ఆయనా చెయ్యి చాపాడు, నేనూ గట్టిగా ఊపాను. బంతి తగల్లేదు, ఆయన బొటనవేలు తగిలింది. గోరు ఊడిపోయింది. ఆయన ఒక్క మాట కూడా అనకుండా జేబురుమాలు చుట్టుకుని సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ కోర్టు మొహం చూడలేదు. ఆ రాకెట్టు ఇప్పటికీ మన అటక మీదే ఉంది, అంచున చిన్న నొక్కుతో.

పెద్ద పోటీల్లో ఆడేవాళ్ళు ఈ గొడవ ముందే తేల్చుకుంటారు. టీవీలో ఈసారి గమనించండి. సర్వీస్ చేసేముందు నెట్ దగ్గరున్న అమ్మాయి చెయ్యి వీపు వెనక్కి పెట్టి ఏదో చూపిస్తుంది. పిడికిలి బిగిస్తే నా చోట నేనుంటానని, అరచెయ్యి విప్పితే అడ్డంగా వెళ్ళి కొడతానని. ఒక్కో జంటది ఒక్కో భాష. నోటికి బంతి అడ్డం పెట్టుకుని గుసగుసలాడేది కూడా ఇందుకే, పెదాల కదలిక అవతలివాళ్ళు చదివేస్తారని.

ఇక సానియా మీర్జా సంగతి. నువ్వడిగిన ప్రశ్నకి ఆ అమ్మాయి బతుకులోనే జవాబుంది, కాకపోతే ఒక్క ముక్కలో చెప్పేది కాదు.

హైదరాబాదులో పెరిగింది. 2003లో, పదహారేళ్ళప్పుడు, రష్యా అమ్మాయి అలీసా క్లెబనోవాతో కలిసి వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. 2005లో హైదరాబాదులోనే డబ్ల్యూటీఏ, అంటే ఆడవాళ్ళ ప్రపంచ టెన్నిస్ సంఘం, సింగిల్స్ టైటిల్ కొట్టింది, అంతకుముందు మన దేశపు ఆడపిల్ల ఎవరూ కొట్టలేదు. 2007లో సింగిల్స్‌లో ప్రపంచ 27వ ర్యాంకు. ఇప్పటికీ మన అమ్మాయిల్లో ఎవరూ దాన్ని దాటలేదు. తర్వాత ఒళ్ళు మొరాయించింది. మణికట్టుకి ఆపరేషన్, మోకాళ్ళ బాధ. 2013 నాటికి సింగిల్స్ వదిలేసింది.

అంటే నీ ప్రశ్నలో కొంత నిజం ఉంది చిట్టీ, దాచను. సింగిల్స్ ఆడలేకే చాలామంది డబుల్స్‌కి వస్తారు. సానియా కూడా ఒంట్లో బాగుంటే ఆ ఏడు సింగిల్స్ వదిలేది కాదేమో. కానీ వచ్చాక ఏమైందో చూడు. 2015 మార్చిలో మార్టినా హింగిస్‌తో జతకట్టింది. ఆ హింగిస్ స్విట్జర్లాండ్ మనిషి, పదహారేళ్ళకే సింగిల్స్ నంబర్ వన్ అయిపోయి, ఆట మానేసి, మళ్ళీ డబుల్స్ కోసమే తిరిగొచ్చింది. వెనకనుంచి సానియా ఫోర్‌హ్యాండ్ బాదుతుంటే, నెట్ దగ్గర హింగిస్ కూరలు తరిగినట్టు బంతిని ముక్కలు చేసేది. వరసగా మూడు టోర్నమెంట్లు గెలిచారు. ఏప్రిల్ 13న సానియా డబుల్స్ నంబర్ వన్. జనం వాళ్ళిద్దరికీ కలిపి శాంటీనా అని పేరు పెట్టారు.

ఆ ఏడు జులై 11న వింబుల్డన్ ఫైనల్. మనకి రాత్రి. మీ మామ్మ నిద్రపోయింది, నేను సౌండు తగ్గించి చూస్తున్నాను. మొదటి సెట్టు 5-7తో పోయింది, రెండోది 6-6 అయ్యాక సెట్టు తేల్చడానికి ఆడే టైబ్రేక్‌లో దక్కింది. మూడో సెట్టులో 2-5 అయింది. ఇంక లాభం లేదని టీవీ కట్టేసి పడుకున్నాను. పొద్దున్న పాలు పోసే కుర్రాడు గేటు దగ్గర్నుంచే "సానియా జితిగలా!" అని అరిచాడు, సానియా గెలిచేసిందని. వాడు మేలుకుని చూశాడట. 5-5 దగ్గర చీకటి పడి ఆట ఆపి, కోర్టు పైకప్పు మూసి, దీపాలు వేశారట. మళ్ళీ వచ్చి 7-5 చేసేశారు. ఏడాదికి నాలుగు జరిగే అతిపెద్ద పోటీల్ని గ్రాండ్‌స్లామ్‌లంటారు. మన దేశపు మహిళకి మొట్టమొదటి గ్రాండ్‌స్లామ్ మహిళల డబుల్స్ టైటిల్ అది. నేను నిద్రపోయాను. ఆ కుర్రాడు ఇప్పటికీ నన్ను ఏడిపిస్తాడు.

ఆ ఫైనల్లో ఓడిన ఇద్దరిలో ఒకరు ఎలీనా వెస్నినా. ఆ పేరు గుర్తుపెట్టుకోండి. 2011లో ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ ఆడినప్పుడు సానియా పక్కన ఉన్నది ఈ వెస్నినాయే. అప్పుడు ఇద్దరూ కలిసి చెక్ జంట హ్లావచ్‌కోవా, హ్రదెత్స్‌కాల చేతిలో ఓడిపోయారు. 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో సానియా, హింగిస్ ఓడించింది సరిగ్గా ఆ చెక్ జంటనే. తర్వాత నెలలో దోహాలో సానియావాళ్ళ 41 వరస విజయాలకి అడ్డుకట్ట వేసిందెవరో తెలుసా? వెస్నినాయే, ఇంకో కొత్త జోడీతో. డబుల్స్ ఊరంతా మన అగ్రహారం వీధి అంత. నిన్న పక్కన నిలబడ్డ మనిషి రేపు ఎదురుగా ఉంటుంది, నీ ఆటలో లోపాలన్నీ తెలిసి మరీ.

2016 ఆగస్టులో హింగిస్‌తో విడిపోయింది. ఆ నెలలోనే సిన్సినాటి ఫైనల్లో సానియా ఇటు, హింగిస్ అటు, ఇద్దరి పక్కనా కొత్త భాగస్వాములు. సానియా గెలిచింది. అప్పటిదాకా ఇద్దరూ కలిసి నంబర్ వన్, ఆ తర్వాత సానియా ఒక్కతే.

ఇక్కడ పండు అడుగుతుంది, ఇద్దరూ కలిసి ఆడితే ర్యాంకు ఒక్కరికెలా వస్తుందని. డబుల్స్‌లో ర్యాంకు జంటది కాదు, ఎవరిది వాళ్ళదే. ఒక టోర్నమెంటులో వచ్చిన పాయింట్లు 52 వారాలు ఉంటాయి, ఆ తర్వాత రాలిపోతాయి. మన ఆవకాయ జాడీ అనుకోండి. ఏడాది తిరిగేసరికి పాత జాడీ ఖాళీ, కొత్తది పెట్టుకోవాలి. 2016 జనవరిలో సానియా హింగిస్‌తో బ్రిస్బేన్‌లో గెలిచింది. 2017 జనవరిలో అదే బ్రిస్బేన్‌లో బెథనీ మాటెక్ శాండ్స్‌తో గెలిచింది. పాత జాడీ తీసినచోట కొత్త జాడీ పెట్టినట్టయింది, అరలో లెక్క పెరగలేదు. మాటెక్ శాండ్స్‌కి ఆ వారం రాలిపోయేవి అన్ని లేవు కాబట్టి పెరిగింది. దాంతో కప్పు కలిసి గెలిచిన వెంటనే సానియా 91 వారాల నంబర్ వన్ పోయింది, అదీ పక్కనున్న జోడీకే! ఈ ముక్క తల్చుకున్నప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, మనసు చివుక్కూ మంటుంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, మీ నాన్న ఎలాగూ అడుగుతాడు. 2023 వింబుల్డన్‌లో సింగిల్స్ గెలిచినవాళ్ళకి 23 లక్షల 50 వేల పౌండ్లు ఇచ్చారు. డబుల్స్ జంటకి 6 లక్షలు, అంటే మనిషికి మూడు. దాదాపు ఎనిమిదో వంతు. అది శిఖరం మీది లెక్క. కింద ఐటీఎఫ్, అంటే అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య, వాళ్ళ అన్నిటికన్నా చిన్న పోటీల్లో టోర్నమెంటు మొత్తానికి ఇచ్చేదే 15 వేల డాలర్లు. అందులో డబుల్స్‌కి వచ్చే ముక్కని మళ్ళీ ఇద్దరూ పంచుకోవాలి. రైలు టిక్కెట్టూ హోటలూ పోగా ఏం మిగులుతుందో మీరే లెక్కేసుకోండి. పైగా పెద్ద పోటీలోకి ఎంట్రీ దొరకాలంటే ఇద్దరి ర్యాంకులూ కలిపి చూస్తారు, కాబట్టి మంచి జోడీ వెతుక్కోవడం మరో టెన్షన్.

ఒక లాభం మాత్రం ఉంది. పరుగు తక్కువ కాబట్టి ఒళ్ళు ఎక్కువకాలం నిలుస్తుంది. సానియా 2018లో బిడ్డ పుట్టాక 2020 జనవరిలో మళ్ళీ వచ్చి, వచ్చిన మొదటి టోర్నమెంటులోనే, హోబర్ట్‌లో, డబుల్స్ గెలిచింది. 36 ఏళ్ళకి, 2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లో ఆఖరి మ్యాచ్ ఆడింది. అప్పటికి 43 డబుల్స్ టైటిళ్ళు. మన కూర్గు మనిషి రోహన్ బోపన్న 43 ఏళ్ళకి ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ కొట్టాడు.

చిట్టీ, నిన్ను ఏం చూసి డబుల్స్‌లో వేశారో నాకు తెలీదు. మీ కోచ్‌గారినే అడుగు, ఏడవకుండా అడుగు. నీ జోడీ అమ్మాయి మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు నువ్వు. ఆ అమ్మాయి ఏ చేతివాటం? ఎత్తు బంతి బాగా తీస్తుందా? ఫోన్ చేసినప్పుడు చెప్పు.

దసరాకి గుణుపూర్ రైల్లో ఇద్దరూ వచ్చెయ్యండి. ముగ్గు వానకి చెరిగిపోతే మళ్ళీ గీస్తాను. మీ మామ్మ, నేను ఒక పక్క, మీరిద్దరూ ఒక పక్క, ప్లాస్టిక్ బంతితో ఆడదాం. మధ్యలోకి వచ్చిన బంతి ఎవరిదో రైల్లోనే తేల్చుకుని రండి. మా ఇద్దరిలో అది మీ మామ్మదేనని ఇప్పటికే తేలిపోయింది.

మీ చిన్నతాత