సైమన్ గాల్లో ఎందుకు తిరగడు?

నెల్లూరు,
కార్తీక మాసం, ముసురు రోజు

చిరంజీవులు పెద్దోడికి, చిన్నమ్మికి, మీతోపాటు ఆ టీవీ ముందు కూర్చున్న వీధి పిల్లలందరికీ పెదనాయన దీవించి రాసేది.

తుపానుకు బడి సెలవులిచ్చారనీ, మీరంతా టీవీకి కంప్యూటర్ తగిలించి క్యాసిల్‌వేనియా పాత ఆటలు మొదటినుంచీ వరసగా ఆడుతున్నారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చిన్నమ్మి ఫోన్ లాక్కుని, కొరడా పట్టుకుని డ్రాకులా కోటలోకి పోయే ఆ ఆటలోని వీరుడు సైమన్ గురించి ఒక మాట అడిగింది. "పెదనాయనా, సైమన్ ఎగిరినాక వెనక్కి నొక్కినా తిరగట్లేదు. నేరుగా పోయి గుంటలో పడతన్నాడు. జాయ్‌స్టిక్ చెడిపోయిందా?" అడగాల్సిన ప్రశ్నే అడిగింది. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నా.

జాయ్‌స్టిక్ బాగానే ఉందమ్మా. అయినా ముందు రెండు సంగతులు చూసుకోండి. వేలితో తిప్పే గుండ్రటి పుల్లతో ఈ ఆట ఆడొద్దు, ప్లస్ గుర్తులాంటి బటన్లతో ఆడండి. పుల్ల కొంచెం పైకి ఒరిగినా ఆట దాన్ని 'పైకి' అని లెక్కేస్తుంది. అప్పుడు కొరడా దెబ్బకు బదులు చేతిలో ఉన్న ఇంకో ఆయుధం ఎగిరిపోతుంది. రెండోది, టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టండి. కొత్త టీవీలు బొమ్మకు మెరుగులు దిద్దుతూ కొంచెం ఆలస్యంగా చూపిస్తాయి. ఈ ఆటలో ఆ కాస్త ఆలస్యానికి ప్రాణం పోతుంది.

ఇక అసలు సంగతి. పొలం గట్టున పిల్లకాలువ దాటేవాణ్ణి చూశారు గదా. ఎంత దూరం, ఎక్కడ కాలు మోపాలి, అవతలి గట్టు బురదగా ఉందా గట్టిగా ఉందా, ఇవన్నీ ఈ గట్టు మీదే చూసుకుంటాడు. కాలు లేచాక సగంలో వెనక్కి రావాలంటే ఎవరి తరమూ కాదు. సైమన్ బెల్మాంట్ అలాంటివాడు. 1986లో జపాన్‌లో కొనామి వాళ్లు ఈ ఆట తయారుచేసినప్పుడు అతని దూకుడు అలాగే కట్టారు. నిట్టనిలువుగా ఎగరొచ్చు, ముందుకో వెనక్కో దూకొచ్చు. బటన్ తట్టి వదిలినా, నొక్కి పట్టుకున్నా అదే ఎత్తు, అదే దూరం. అది లోపమని మీకు అనిపిస్తుంది గానీ, కొలత మారదు కాబట్టి ఒక్కసారి కంటికి పడితే చాలు, కోటంతా అదే కొలత. మొదటి స్టేజీలో ఎవరూ లేనిచోట ఒక పది నిమిషాలు ఊరికే దూకి చూడండి. ఎక్కడ లేస్తే ఎక్కడ పడతాడో నేలమీద ఇటుకలు లెక్కపెట్టుకోండి.

మా చిన్నతనంలో బడికి పోయే దారిలో కాలువ అడ్డమొస్తే, ముందు చెప్పులు అవతలి గట్టుకు విసిరేసేవాళ్లం. చెప్పులు అటు పడ్డాక దూకక తప్పదు. కాలు తడబడేది కూడా కాదు. ఇప్పుడు తుపాను నీళ్లతో కాలువలన్నీ ఒరుసుకుని పారుతున్నాయి, తూముల దగ్గరికి మాత్రం పోబాకండి. ఈ దూకుళ్లన్నీ టీవీలోనే.

కొరడా సంగతీ గట్టు లెక్కే. బటన్ నొక్కిన వెంటనే దెబ్బ పడదు. చెయ్యి వెనక్కి పోయి, ముందుకొచ్చి, అప్పుడు కొస సాగుతుంది. నేలమీద కొడితే కొట్టినంతసేపూ సైమన్ నిలబడిపోతాడు. గాల్లో కొడితే దూకుడు ఆగదు, దూకుతూనే కొడతాడు. అందుకని ఎదురొచ్చేవాడు మీదికి వచ్చాక కొట్టడం కాదు, రెండడుగుల దూరంలో ఉండగానే కొట్టాలి. ఎగిరి కొట్టేటప్పుడు పైకి లేస్తుండగానే బటన్ నొక్కాలి.

దెబ్బ తగిలితే సైమన్ వెనక్కి ఎగిరిపడతాడు. గట్టు మీద నడిచేవాణ్ణి ఎదురొచ్చిన గేదె కుమ్మినట్టు. దెబ్బకు చచ్చేవాళ్లకంటే, ఎగిరి వెనక గుంటలో పడి చచ్చేవాళ్లే ఎక్కువ. అందుకని గుంట మీ వీపు వెనక ఉన్నప్పుడు ఎవరితోనూ తలపడొద్దు. నాలుగడుగులు ముందుకు జరగండి, లేకపోతే రాక్షసుడు దగ్గరికి రాకముందే వెనక్కి దూకేసి అవతల నిలబడి కొట్టండి. మెట్ల మీద మాత్రం ఈ తోపు ఉండదు. దెబ్బ తగులుతుంది గానీ మనిషి కదలడు. మెట్ల మీదనుంచి దూకడానికీ వీల్లేదు. ఇంకో సంగతి, మెట్లు దిగాలంటే పై మెట్టు దగ్గర 'కిందికి' నొక్కి పట్టుకునే నడవాలి. మరిచిపోయి నేరుగా నడిస్తే కొన్నిచోట్ల మెట్లు దాటేసి గాల్లోకి పోతాడు.

మెడూసా తలలు, అదే గాల్లో ఎగిరొచ్చే పాము జుట్టు తలలు, చూసి పెద్దోడు విసుక్కున్నాడట. అవి పైకీ కిందికీ ఊగుతూ వస్తాయి. కాలువలో కొట్టుకొస్తున్న కొబ్బరి బోండాన్ని చూడండి, అలమీద లేచి, పడి, మళ్లీ లేచి, ఒకే లయలో వస్తుంది. దాన్ని అందుకోవాలంటే నీళ్లలోకి ఉరకరు, చేతి ఎత్తుకు వచ్చేదాకా గట్టున నిలబడతారు. కొరడా నేరుగా, రొమ్ము ఎత్తులో పోతుంది. తల ఆ ఎత్తుకు దిగుతుండగా కొట్టండి. మీ నెత్తికి పైన ఉంటే కూర్చోండి, దాటిపోతుంది. ఒకదాన్ని చూసి భయపడి ఎగిరితే రెండోది తప్పకుండా తగులుతుంది.

హృదయం గుర్తులు ఏరుకుంటే ప్రాణం పెరుగుతుందనుకోవద్దు. అవి ఆయుధాలకు ఖర్చయ్యే సరుకు. చిన్నది 1, పెద్దది 5. ఆటలో అడుగుపెట్టేటప్పుడు చేతిలో 5 ఉంటాయి. 'పైకి' పట్టుకుని కొట్టే బటన్ నొక్కితే ఒకటి ఖర్చై ఆయుధం పోతుంది. బాకు నేరుగా పోతుంది. గొడ్డలి పైకి లేచి వంపు తిరిగి పడుతుంది. శిలువ పోయి తిరిగొస్తుంది. పవిత్రజలం సీసా ముందు నేలమీద పడి మండుతుంది. గడియారానికి మాత్రం 5 ఖర్చు, కొన్ని క్షణాలు రాక్షసుల్ని నిలిపేస్తుంది. ప్రాణం నింపేది మాంసం ముక్క. అది చాలాసార్లు గోడ ఇటుకల్లో దాగి ఉంటుంది, అనుమానమున్న మూలల్లో కొరడాతో తట్టి చూడండి.

కొవ్వొత్తి కనిపించిన ప్రతిచోటా కొట్టొద్దు. అందులోంచి కొత్త ఆయుధం పడి, మీరు దానిమీద అడుగేస్తే, చేతిలో ఉన్నది పోతుంది. మంచి శిలువ పట్టుకుని ఉండి బాకు తొక్కి బాధపడినవాళ్లు లెక్కలేనంతమంది. ఏ కొవ్వొత్తిలో ఏముందో ఈ ఆట పెద్దగా మార్చదు, మళ్లీ వచ్చినా చాలావరకు అదే ఉంటుంది. ఓ కాగితం పెట్టుకుని రాసుకోండి. కష్టమైన ఆటే గానీ మోసం లేదు. నిన్న పెట్టినచోటే ఇవాళా పెడుతుంది. చూసి గుర్తుపెట్టుకున్నవాడికి దారిస్తుంది, ఉరికినవాణ్ణి వెనక్కి పంపుతుంది. బడి పుస్తకమైనా అంతే అని మీ నాన్న పక్కన కూర్చుని అంటాడు, ఆ మాట వినండి.

మొత్తం 18 స్టేజీలు. ప్రాణానికి 16 గీతలు. మొదటి ఆరు స్టేజీల్లో దెబ్బకు 2 గీతలు పోతాయి, తర్వాతి ఆరింటిలో 3, చివరి ఆరింటిలో 4. అంటే చివర్లో నాలుగు దెబ్బలకే కథ అయిపోతుంది. పిల్లలు అందరూ ఆగిపోయేది 15వ స్టేజీ దగ్గర. పొడుగాటి వసారా. గొడ్డళ్లు విసిరే ఇనుప కవచాలవాళ్లు ఎదురుగా, మెడూసా తలలు వాళ్ల మధ్యగా. చివర మృత్యువు కొడవళ్లతో కాచుకుని ఉంటుంది. దాని చేతిలో చస్తే మళ్లీ వసారా మొదటికే.

ఇక్కడే చెప్పులు ముందు విసరాలి. అంటే పవిత్రజలం. కవచంవాడి కాళ్ల దగ్గర సీసా పడితే, మంట ఉన్నంతసేపూ వాడు కదలడు. మంట ఆరకముందే ఇంకోటి వేసి, దగ్గరికిపోయి కొరడాతో కొట్టండి. ఆయుధంతో వరసగా కొడుతూ ఉంటే రెండేసి, మూడేసి విసరగలిగే గుర్తులు పడతాయి, వాటిని వదలొద్దు. మూడు సీసాలు చేతికొచ్చాక మృత్యువు నేలకు దగ్గరగా దిగినప్పుడు మంట తగిలితే అది కూడా నిలబడిపోతుంది. హృదయాలు మిగుల్చుకోకుండా ఆ గదిలోకి పోవద్దు. వసారాలో చస్తే దారిలో బలం పెంచుకున్న కొరడా మళ్లీ పాత తోలు కొరడా అవుతుంది, సీసా పోతుంది, హృదయాలు 5కి వస్తాయి. అందుకే ఆ స్టేజీలో రెండోసారి మొదటిసారికంటే కష్టం. మీరాడుతున్న పాత ఆటల కలెక్షన్‌లో ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు గదా అని రెండు గీతల ప్రాణంతో సేవ్ చేయొద్దు, మంచి సేవ్‌మీద అది పడి కూర్చుంటుంది. స్టేజీ తలుపు దాటిన వెంటనే చేయండి.

తర్వాతి ఆటల గురించి కొంచెమే చెబుతా, మీరే చూడాలి. 1987లో వచ్చిన రెండోదాంట్లో హృదయాలే డబ్బు. రాత్రయితే ఊళ్లో దుకాణాలు మూతపడతాయి, రాక్షసులకు బలం పెరుగుతుంది. అందులో ఒక కొండ అంచుకు పోయి దారిలేక అందరూ ఆగిపోతారు. ఎర్ర స్ఫటికం చేతిలో పెట్టుకుని మోకాళ్లమీద కూర్చోండి, సుడిగాలి వచ్చి తీసుకుపోతుంది. ఊళ్లో జనం చెప్పే మాటలతో ఇది తేలదు కాబట్టి చెప్పేశా. మూడోదాంట్లో తోడుగా ఒకరు వస్తారు. అది జపాన్ రూపంలో ఆడండి. ఆ క్యాసెట్‌లో పెట్టిన అదనపు చిప్ వల్ల పాటకు మూడు గొంతులు ఎక్కువ వినిపిస్తాయి, గోడలెక్కే గ్రాంట్ అక్కడ బాకులు విసురుతాడు కూడా. 1991లో వచ్చిన నాలుగోదాంట్లో కొరడా ఎనిమిది దిక్కులకూ పోతుంది, సైమన్ గాల్లో తిరుగుతాడు. అక్కడ నా కాలువ పనికిరాదు. అయినా మొదటిది ముగించాకే దానికి పోండి. 1997లో వచ్చిన సింఫనీ ఆఫ్ ది నైట్‌లో స్టేజీలే లేవు, కోటంతా ఒకే ఇల్లు. అందులో ఆట అయిపోయిందనిపించే చోట అయిపోదు. వెండి ఉంగరం, బంగారు ఉంగరం రెండూ దొరికితే, తొడుక్కుని గడియారం ఉన్న గదిలో నిలబడండి. ఆ తర్వాత కోటకు ఏమవుతుందో నేను చెప్పను.

మొదటి ఆటకే మళ్లీ వస్తా. మృత్యువును దాటాక విరిగిన వంతెన మీద పెద్ద గబ్బిలాలు వస్తాయి. ఆపైన గడియారపు గోపురం, పళ్లచక్రాలు. అవీ దాటాక ఒక పొడుగాటి మెట్లవరస వస్తుంది, డ్రాకులా గదికి పోయేది. వెనక ఆకాశంలో పెద్ద నెలవంక. ఆ మెట్ల మీద ఎవరూ ఎదురు రారు. టైము పై మూలన తరుగుతూనే ఉంటుంది, ఒక నిమిషం తరిగితే తరగనీండి. బొమ్మ గీయడానికి ఉన్నవి గుప్పెడు రంగులు, ఎనిమిదేసి చుక్కల చిన్న గళ్లు. అంతలోనే ఒక రాత్రిని ఎలా నిలబెట్టారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అక్కడిదాకా చేరిననాడు మెట్లెక్కే ముందు బటన్లమీదినుంచి చేతులు తీసి, అందరూ కలిసి ఆ చంద్రుణ్ణి చూడండి. చూసి నాకు ఫోన్ చేయండి.

ఇట్లు,
మీ పెదనాయన