పాత బంగళా మ్యూజియం: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో విక్టోరియా రాణి కాలంనాటి ఇళ్లలోని సామాన్లను కాపాడడం నా వృత్తి. చూడ్డానికొచ్చే మనవాళ్లు తరచూ అనే మాటలు కొన్ని ఉన్నాయి. అందులో మొదటిదానికి జవాబు నార్తంబర్లాండ్‌లోని క్రాగ్‌సైడ్ బంగళా. 1977 నుంచి అది పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. నాకు ప్రాణమైన ఇల్లు.

అపోహ: ఆ రోజుల్లో కొవ్వొత్తులు, గ్యాస్ దీపాలే గతి.

వాస్తవం: చాలా ఇళ్లలో నిజమే. కానీ క్రాగ్‌సైడ్ యజమాని విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ ఇంజనీరు. 1878లోనే తన ఎస్టేట్ చెరువు నీటితో డైనమో తిప్పించి కరెంటు పుట్టించి, ఇంట్లో ఆర్క్ దీపం (రెండు కడ్డీల మధ్య మెరుపులా వెలిగే కరెంటు దీపం) వెలిగించాడు. 1880లో జోసెఫ్ స్వాన్ అనే ఆవిష్కర్త తయారుచేసిన బల్బులు పెట్టించాడు. లైబ్రరీలో ఆ బల్బులు ఎనామెల్ పూసిన రాగి కూజాల మీద ఉండేవి. కూజాను పీట మీద పెడితే దాని అడుగునున్న తీగ చిన్న పాదరసం గిన్నెలో మునిగి దీపం వెలిగేది, ఎత్తితే ఆరిపోయేది. స్విచ్చుతో పనే లేదు! వంటింట్లో మాంసం కాల్చే ఊచను కూడా నీటి శక్తే తిప్పేది.

అపోహ: పాతకాలపు కళ రావాలని కర్టెన్లు వేసి చీకటి చేస్తారు.

వాస్తవం: బట్టలకు, గోడ కాగితాలకు మేం పెట్టుకున్న వెలుతురు హద్దు సుమారు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత). ఆఫీసు బల్ల మీద దాదాపు 500 ఉంటుంది. రోజూ ఎండలో ఆరేసిన పట్టుచీర ఏమవుతుందో మీకు తెలుసు. ఇక్కడా అంతే, కాకపోతే నెమ్మదిగా. గోడకున్న పటం తీస్తే వెనక కాగితం అసలు రంగు కనిపిస్తుంది, చుట్టూ వెలిసిపోయి ఉంటుంది. అది చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. వెలిసిన రంగును వెనక్కి తేలేం.

అపోహ: బిల్లు తగ్గించుకోవడానికి హీటర్లు వెయ్యరు.

వాస్తవం: మా హీటర్లు చలిని బట్టి కాదు, గాలిలో తేమను బట్టి నడుస్తాయి. తేమ పెరిగితే బూజు, పురుగు. మరీ తగ్గితే చెక్క బీటలిస్తుంది. వానాకాలం మన తలుపులు బిగుసుకుపోవడం గుర్తుందా? రెండు వందల ఏళ్ల బీరువాకూ అదే బాధ. కోటు వేసుకుని రండి.

అపోహ: ఇత్తడి తళతళలాడకపోతే సిబ్బందికి బద్ధకమన్నట్టే.

వాస్తవం: తోమిన ప్రతిసారీ కాస్త లోహం పోతుంది. ఏళ్ల తరబడి చింతపండుతో రుద్దిన అమ్మమ్మ దీపపు కుందె మీద నగిషీ ఎంత మిగిలిందో ఒకసారి చూడండి. బంగారు పూత చట్రాలకైతే తడిగుడ్డే తగలనివ్వం. మెత్తటి కుంచెతో దుమ్మును వాక్యూమ్ గొట్టం వైపు తోస్తాం, అంతే.